అక్టోబరు పేజీలో పడని వాన

మంగళవారం పొద్దున పదింటికి, ఆస్ట్రేలియాలో మేముండే వెర్రిబీ ఊరి లైబ్రరీలో మా చరిత్ర గ్రూపు కూర్చుంటుంది. మొత్తం ఎనిమిది మందిమి. ఏడుగురు తెల్లవాళ్లు, ఎనిమిదోవాణ్ని నేను. అందరిలోకీ చిన్నవాణ్ని కూడా నేనే, అరవై నాలుగేళ్లకు. ఈ వయసులో ఒకచోట కుర్రవాడిగా చెలామణి కావడం ఎంత హాయో అనుభవించినవాడికే తెలుస్తుంది. కుర్చీలు సర్దడం, టీకి నీళ్లు మరిగించడం నా వంతు. ముప్పై ఏళ్లకు పైగా అటెండరు అందించిన టీ తాగినవాణ్ని కదా, ఇప్పుడు నా చేత కప్పులు కడిగిస్తున్నారంటే నా భార్యకు భలే సంతోషం.

అనంతపురం జిల్లాలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిప్యూటీ తాసీల్దారుగా రిటైరయ్యాను. కూతురి ఉద్యోగం ఇక్కడ. మేమిద్దరం ఆమె దగ్గరే ఉంటున్నాం. వచ్చిన కొత్తల్లో రోజుకు నాలుగుసార్లు పార్కు చుట్టూ తిరిగేవాణ్ని. అది చూడలేక నా కూతురే లైబ్రరీ నోటీసు బోర్డు మీద చదివి నన్ను ఈ గ్రూపులో చేర్పించింది. "నాన్నా, నీకు పాత కాగితాలు ఇష్టం కదా, అక్కడ అన్నీ అవే," అంది. నిజమే. పాత కాగితం వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది.

కిందటేడు మేం ఒక పని పెట్టుకున్నాం. ఈ ప్రాంతం విక్టోరియా కాలనీగా ఉన్న రోజుల్లోంచి ఒకే ఒక్క సంవత్సరాన్ని తీసుకోవాలి. అప్పటికి ఆస్ట్రేలియా అనే దేశం ఇంకా ఏర్పడలేదు. ఆ ఏడాది ఇక్కడ మామూలు జనం ఎలా బతికారో నెలకో పేజీ చొప్పున చిన్న పుస్తకం వేసి, ఆ పేజీలను బొమ్మలతో లైబ్రరీ గోడకు పెట్టాలి. అది ఏ సంవత్సరమో నేనిక్కడ రాయను. అందులో ఒక కుటుంబం సంగతి ఉంది, వాళ్లు ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు.

ఆ సంవత్సరాన్నే ఎందుకు తీసుకున్నామంటే, మా గ్రూపులోని పెద్దావిడ ఒక పుస్తకం తెచ్చింది. ఆమెకు ఎనభై దాటాయి. చేతికర్ర ఆనించి నడుస్తుంది, మాటకు మాత్రం ఏ కర్రా అక్కర్లేదు. ఆమె ముత్తాత ఇక్కడ గోధుమ పండించేవాడు. కాలనీ ప్రభుత్వం కోసం రోజూ పొద్దున తొమ్మిదింటికి వాన కొలిచి రాసేవాడు. అలా రాసిన పుస్తకాల్లో ఆ ఒక్క ఏడాదిదే మిగిలింది. తోలు అట్ట, లోపల గోధుమరంగు సిరా. ఆవిడ దాన్ని పసిబిడ్డను దించినట్టు మెల్లగా బల్ల మీద పెట్టింది.

"ఈ పుస్తకంలో ఉన్న ఏడాది అక్టోబరులో వాన పడింది," అని మొదలుపెట్టింది. "అంతకుముందు రెండేళ్లు పంట లేదు. ఆ అక్టోబరు వాన కూడా పడకపోయుంటే మావాళ్లు ఇక్కణ్నుంచి వెళ్లిపోయేవాళ్లు. నేను ఈ ఊళ్లో పుట్టేదాన్నే కాదు. క్రిస్మస్‌కు మా ఇంట్లో అందరూ చేరినప్పుడు ఈ కథ చెప్పుకోకుండా భోజనానికి కూర్చోం."

గ్రూపును నడిపేది ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు. ఆయన నెలలు పంచాడు. అక్టోబరు నాకు వచ్చింది. పెద్దావిడ నా వైపు తిరిగి, "జాగ్రత్తగా రాయండి, అది మా నెల," అంది. అలాగేనండీ అన్నాను.

పుస్తకం తెరవగానే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. తేదీ, వాన, రిమార్కులు: మూడు గడులు. మా మండలాఫీసులో నేను నింపిన రిజిస్టరుకూ అవే మూడు గడులు. ఇక్కడా అక్కడా ఏలింది ఒకే రాణి కదా, సముద్రాలు దాటినా గీతలు మారలేదు. దూరపు చుట్టాన్ని ముక్కు చూసి గుర్తుపట్టినట్టు అయింది నాకు. ఈ నేల మీద తెల్లవాళ్లు రాకముందు వేల ఏళ్లుగా ఉన్న మనుషులకు వాన సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. వాళ్లకు ఆ మూడు గడుల్లో చోటు లేదు. మా రిజిస్టరులో మా రైతులకూ లేదు.

ఆ నెలలు నాకు చాలా బాగా గడిచాయి. ఆనాటి ఊరి పేపరు లైబ్రరీ కంప్యూటర్లో దొరుకుతుంది. కుందేళ్లు పైరంతా తినేస్తున్నాయని ఎడిటరుకు ఉత్తరాలు, రైలు ఏనాడూ వేళకు రాదని ఉత్తరాలు, చర్చి వాళ్ల విందులో ఎవరి కేకు బాగుందో రాస్తే దాని మీద మళ్లీ ఉత్తరాలు. మనుషులు ఎక్కడైనా మనుషులే అనుకుని ముసిముసిగా నవ్వుకుంటూ చదివేవాణ్ని. ఇంటికి వచ్చి అన్నం తింటూ నా భార్యకు చెప్పేవాణ్ని. "అయితే ఆ కుందేళ్లను ఏం చేసినారు?" అని మరునాడు కూడా అడిగేది.

అక్టోబరు పేజీలోనే చిక్కు వచ్చింది.

ఆ కాలంలో వానను పాయింట్లలో రాసేవాళ్లు. అంగుళాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక పాయింటు. జనవరి నుంచి సెప్టెంబరు దాకా ముత్తాత రాసిన అంకెలు చూస్తే ముచ్చటేస్తుంది. ఏడు, ఇరవై మూడు, రెండు, నలభై ఒకటి. నిజంగా కొలిచిన వాన అలాగే వంకరటింకరగా ఉంటుంది. రిమార్కుల్లో ఆయన మనసంతా ఉంది: వడగళ్లకు కిటికీ పగిలింది, వాన కొలిచే గేజిలో కప్ప పడింది, గాలికి సగం బయటికే పోయి ఉంటుంది. అక్టోబరు నాలుగు నుంచి ఇరవై నాలుగు దాకా వచ్చేసరికి పది, ఇరవై అయిదు, పదిహేను, ముప్పై. అన్నీ అయిదుతో తెగే గుండు అంకెలు. వాన మూడు రోజులకొకసారి, ఎవరో పిలిస్తే వచ్చినట్టు పడుతోంది. రిమార్కుల గడి ఖాళీ. ఇరవై ఒక్క రోజులూ ఒకే సిరా, ఒకే వాలు, ఒకే ఊపు. మనిషి ఒక్కసారి కూర్చుని, నింపేసి లేచాడు.

ఎందుకైనా మంచిదని ఆ నెల పేపరు చూశాను. ఆ మూడు వారాల్లో రైతులు బండ్ల మీద పీపాలు పెట్టుకుని నది నుంచి నీళ్లు తోలుకుంటున్నారు. చర్చిలో వాన కోసం ప్రార్థన కూడా చేశారు.

నేను చేయవలసిన పని ఏమిటో తెలుసు. చేయకుండా ఉండాలంటే ఎన్ని దారులున్నాయో కూడా తెలుసు, ఉద్యోగంలో నేర్చుకున్నది అదే కదా. రెండు వారాలు నాన్చాను. ఆ తర్వాత ఒక మంగళవారం టీ అయ్యాక, పెద్దావిడ పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. "ఈ ఇరవై ఒక్క రోజులూ ఆయన కొలవలేదండీ. తర్వాత కూర్చుని రాశారు."

ఆవిడ నా ముఖంలోకి సూటిగా చూసింది. "మీకెలా తెలుసు?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు కూడా నాలుక మీదే ఉంది. అయినా దాన్ని మింగేసి, "అనుభవం," అన్నాను. పేపరులో ఉన్నది కూడా చూపించాను. ఆవిడ పుస్తకం మూసి, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని, కర్ర తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత రెండు మంగళవారాలు రాలేదు. హెడ్‌మాస్టారు నాతో బాగానే మాట్లాడాడు గానీ, నేను పెట్టిన టీ మాత్రం ఎవరికీ రుచించినట్టు లేదు.

ఇంట్లో నా భార్య నిలదీసింది. "ఆమె ముత్తాతను పట్టుకొని దొంగ లెక్క రాసినాడంటే ఊరుకుంటాదా? మీరు ఆడికి పోయేది టైంపాస్‌కి, తనిఖీ చేసేదానికి కాదు."

"దొంగ అని నేను అన్లేదు."

"అనాల్నా ఏమి?"

ఆమెకు నేను ఏనాడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. అందులో ఆమె కూడా ఉంది.

దాదాపు నలభై ఏళ్ల కిందటి మాట. నాకు కొత్తగా పెళ్లయింది. ఆషాఢం అంతా ఆమె పుట్టింట్లో, నేను మండలాఫీసులో. వాన కొలిచే పని నాది. ఆఫీసు ఆవరణలో ముళ్లకంచె మధ్య గేజి, కంచె గేటుకు తాళం. శ్రావణం రాగానే ఆమెను తీసుకురావడానికి నాలుగు రోజుల సెలవు పెట్టి అత్తగారింటికి వెళ్లాను. పంతొమ్మిది రోజులు ఉండిపోయాను. జ్వరమని ఆఫీసుకు కబురు పంపాను. కంచె తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. అది నాకు అక్కడికి వెళ్లిన రెండో రోజే తెలుసు. తెలిసీ చొక్కా మడిచి పెట్టెలో పెట్టాను.

తిరిగొచ్చాక నెల స్టేట్‌మెంటు పంపాలి. "ఏమన్నా పడిందా?" అని అటెండరును అడిగితే, "ఏదో నాలుగు చినుకులు సార్," అన్నాడు. పక్క మండలం వాళ్ల కాగితం ముందు పెట్టుకుని, పంతొమ్మిది రోజులూ ఒక్క ఊపున రాసేశాను. కొత్త కాపురం, లోపల ఉషారు. మనసు బాగున్నవాడు వానను కూడా ధారాళంగా రాస్తాడు. పక్క మండలం కంటే నాలుగు చినుకులు ఎక్కువే కురిపించాను.

ఆ ఏడు పక్క మండలం కరువు జాబితాలోకి ఎక్కింది, మాది ఎక్కలేదు. అక్కడ పశువులకు గడ్డి వచ్చింది, మాకు రాలేదు. ఎంత కొంచెంలో తప్పిపోయిందో ఆర్డరు చదివిన నాకు తెలుసు. ఒక రైతు ఆఫీసుకు వచ్చాడు. వేళ్లతో పీకిన వేరుశనగ చెట్టొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కాయ లేదు, వేళ్లకు దుమ్ములాంటి మట్టి.

"సార్, మాకు పడని వాన మీ పుస్తకంలోకి యాడ్నించి వచ్చె?" అన్నాడు. కోపంగా కాదు. తెలుసుకుందామనే అడిగాడు.

"గేజి ఆఫీసు కాడ ఉంటాది, మీ చేను కాడ కాదు," అన్నాను. రూలు ప్రకారం అది సరైన జవాబే. ఆయన తల ఊపి, చెట్టు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి సంతలో ఆయన ఎద్దులు అమ్మకానికి కనిపించాయి. నేను రోడ్డుకు ఆ పక్కకు దాటి నడిచాను. అప్పటికీ ఇప్పటికీ నా బతుకులో నేను సిగ్గుపడే రోజు అదొక్కటే. నా భార్య మాత్రం ఆ పంతొమ్మిది రోజుల్లాంటివి మళ్లీ రాలేదని ఇప్పటికీ అంటుంది. ఆమె అన్నప్పుడల్లా నేను అవునంటాను. అది కూడా నిజమే మరి.

మూడో మంగళవారం కూడా పెద్దావిడ రాకపోయేసరికి ఇక ఉండలేకపోయాను. సాయంత్రం ఆమె ఇంటికి వెళతానంటే, ఉత్త చేతులతో ఎట్లా పోతారని నా భార్య బియ్యప్పిండి నిప్పట్లు డబ్బాలో పెట్టుకుని తానూ బయలుదేరింది. మా ఇంటికి పావుగంట నడక. నది వైపు పాత చెక్క ఇల్లు, ముందు నిమ్మచెట్టు. ఆవిడే తలుపు తీసింది. లోపలికి రమ్మంది గానీ నవ్వలేదు. కిటికీలోంచి పెరట్లో గుంజకు బిగించిన వాన గేజి కనిపించింది. నాన్న పోయాక నలభై ఏళ్లుగా తానే కొలుస్తున్నానని, రోజూ తొమ్మిదింటికని చెప్పింది. ఆ మాట వింటే నాకు ఇంకా కష్టమైంది.

"ఆ రోజు మీకెలా తెలుసని అడిగారు. నేను సగమే చెప్పాను," అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. తాళంచెవి, చొక్కా, పంతొమ్మిది రోజులు, రైతు, చెట్టు, ఎద్దులు. నా ఇంగ్లీషు ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషు, అందులో ఇలాంటివి చెప్పడానికి మాటలు తక్కువ. అయినా ఆగకుండా చెప్పాను. పక్కన నా భార్య నిప్పట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు. ఆ రోజు ఒక్క ముక్క కూడా వదలకుండా అర్థం చేసుకుంది.

పెద్దావిడ కిటికీలోంచి గేజి వైపు చూసింది. "మా ముత్తాత ఆ మూడు వారాలు ఎక్కడున్నాడంటారు?" అంది.

"తెలీదండీ. కానీ బాధలో మాత్రం లేడు. బాధలో ఉన్నవాడు ఇంత వాన రాయడు."

ఆవిడ నవ్వింది. ముందు చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా. కళ్లు తుడుచుకుని, "మా ఇంట్లో ఎవరికన్నా మీకే ఆయన బాగా తెలుసు," అంది. తనలో తాను అనుకున్నట్టుగా మళ్లీ అంది. "అయితే వాన పడకపోయినా మావాళ్లు ఇక్కడే ఉన్నారన్నమాట. నీళ్లు తోలుకుంటూ ఉన్నారు. ఈ కథ చెప్పడం కూడా బాగుంటుంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. నిప్పట్లు బయటికి వచ్చాయి. ఆవిడ నాలుగు తిని, ఎలా చేశారని అడిగి కాగితం మీద రాసుకుంది. అక్టోబరు పేజీలో ఏం రాయాలో అక్కడే కూర్చుని ఇద్దరం తేల్చుకున్నాం. ముత్తాత అంకెలు అలాగే ఉంటాయి, కింద ఒక్క వాక్యం: ఈ ఇరవై ఒక్క రోజుల వాన కొలిచి రాసినది కాదు, ఆ రోజుల్లో జనం నది నుంచి నీళ్లు తోలుకున్నారు. ఇప్పుడు లైబ్రరీ గోడ మీద ఆ పేజీ దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడుతున్నారని హెడ్‌మాస్టారు గొప్పగా చెబుతున్నాడు, తానే కనిపెట్టినట్టు.

తిరిగొస్తూ నా భార్య ఇంటి గేటు దగ్గర ఆగి, "తాళంచెవి జేబులో ఉందని ఒక్క మాట చెప్పింటే, ఆ పొద్దే నేను మిమ్మల్ని బస్సెక్కించేదాన్ని," అంది. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి కూర్చుని కూతురికి ఆ శ్రావణం కథ తానే చెప్పింది, తాళంచెవితో సహా.

ఈ ఏడు మార్చిలో పెద్దావిడకు తుంటి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు బయటికి రాకూడదన్నారు. ఆస్పత్రికి వెళ్లే ముందు నన్ను పిలిచి, తన వాన పుస్తకం చేతికిచ్చింది. రోజూ కొలిచి రాయమంది. నేను తడబడ్డాను. "నా సంగతి అంతా విన్నాక కూడానా?" అన్నాను.

"విన్నాను కనకనే," అంది. "పెరటి గేటుకు తాళం లేదు. ఎప్పుడైనా రావచ్చు."

అప్పటినుంచి పొద్దున ఎనిమిదిన్నరకు నేనూ నా భార్యా బయలుదేరేవాళ్లం. తొమ్మిదింటికి గేజిలోంచి కొలిచే గ్లాసులోకి వంపి, వంగి, కంటికి సమంగా పట్టుకుని చూసేవాణ్ని. వాన లేని రోజు సున్నా. ఒక్కోసారి వారమంతా సున్నాలే. సున్నా రాయడం ఇంత సుఖంగా ఉంటుందని ఉద్యోగంలో ఏనాడూ తెలియలేదు.

ఒక ఆదివారం కూతురు మా అందర్నీ సముద్రం చూపిస్తానని తెల్లవారకముందే కారెక్కించింది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. దారిలో వాన కూడా తగిలింది. సోమవారం పొద్దున వెళ్లి గ్లాసులోకి వంపితే ఏడు మిల్లీమీటర్లు.

ఆదివారం గడి ఖాళీగా ఉంది. ఆదివారానికి నాలుగు, సోమవారానికి మూడు రాస్తే చాలు. గుండు అంకెలు కావు, ఎవరికీ అనుమానం రాదు. చెయ్యి తిరిగిన పని. నలభై ఏళ్లలో మొదటిసారి ఆ ఊపు మళ్లీ చేతిలోకి వచ్చిందని నాకు స్పష్టంగా తెలిసింది. పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా భార్య పెరటి గేటు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

ఆదివారం గడిలో "చూడలేదు" అని రాశాను. సోమవారం గడిలో "ఏడు, రెండు రోజులది" అని రాశాను. రిమార్కుల్లో, సముద్రానికి వెళ్లాం అని కూడా రాశాను.

"రాసినారా?" అంది నా భార్య.

"రాసినా."

ఆమె వచ్చి పుస్తకంలోకి తొంగి చూసింది. అంకెలు మాత్రం ఇంగ్లీషులోనైనా చదవగలదు. ఏడు అంకె మీద వేలు పెట్టి, దాని పైనున్న గడి మీదకు జరిపి, అక్కడ అంకె లేదని చూసుకుంది. తర్వాత నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టింది. ఆ రైతు పేరు నాకు గుర్తు లేదు. ఆయన ఇప్పుడు వచ్చి మళ్లీ అడిగితే మాత్రం, ఈ పేజీ ఆయన వైపు తిప్పి, నాది తప్పని చెబుతాను.